మూడు వాక్యాల కారణం

అక్టోబరు 19, ఆదివారం

ఈ పుస్తకం నాకు చేతిరాత సాధన కోసం పంపారు. రోజుకో పేజీ నింపాలట. ఏం రాసినా పరవాలేదు, అక్షరం కుదురుగా వస్తే చాలునని హెడ్డాఫీసు చీటీ. నలభై ఏడేళ్ళ వయసులో నన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. సరే, రాస్తాను. ఏం రాయాలన్నది మాత్రం నా ఇష్టం.

నా పేరు గరికిన నూకరత్నం. ఒకప్పుడు ఉప్పాడ ఉన్న చోటికి ఎదురుగా, ముప్పై కిలోమీటర్ల లోపల, సముద్రం మీద తేలే నాచు తోటలో మనుషుల అధికారిని. కాగితాల్లో దీనికేదో పెద్ద పేరుంది, మేమంతా తెప్ప అంటాం. నూట నలభై మందిమి. జట్లు గాలి గొట్టాలతో నీళ్ళలోకి దిగి నాచు కోస్తాయి, పైన షెడ్లలో ఆరబెడతారు, వారానికోసారి పడవొచ్చి పట్టుకుపోతుంది.

మా పని చూసేది మేస్త్రీ. మేస్త్రీ అంటే మనిషి కాదు, పైకప్పులోంచి మాట్లాడే యంత్రం. అందరి చేతులకీ కడియాలుంటాయి. చెయ్యి ఎన్నిసార్లు ఆడింది, కాలు ఎన్ని అడుగులు వేసింది, ఎంతసేపు ఊరికే ఉన్నాం అన్నీ కడియం చూస్తుంది, మేస్త్రీ మార్కులు వేస్తుంది. ఆరు నెలలకోసారి అందరికన్నా అట్టడుగున ఉన్న ఒక్కరిని ఒడ్డుకు పంపేస్తారు. తప్పు చేశారా లేదా అన్న ప్రశ్నే లేదు. ఒకరు పోతుంటే మిగతా నూట ముప్పై తొమ్మిది మందీ చురుగ్గా ఉంటారని కంపెనీ నమ్మకం.

పంపేది మాత్రం మనిషే అయ్యుండాలని చట్టం. అంటే నేను. ఆ ఒక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి, ఎందుకు పంపుతున్నామో మూడు వాక్యాల్లో నా సొంత మాటల్లో రాసి, వేలిముద్ర వెయ్యాలి. తొమ్మిదేళ్ళుగా ఆ మూడు వాక్యాలూ మేస్త్రీయే రాసిపెడుతూ వచ్చింది. నేను వేలు పెడుతూ వచ్చాను. పద్దెనిమిది సార్లు. మొన్న ట్రిబ్యునల్ వాళ్ళు అన్ని తెప్పల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నింట్లోనూ అవే మూడు వాక్యాలు ఉన్నాయట! ఇకనుంచి కలంతో, కాగితం మీద, అధికారి చేత్తోనే రాయాలన్నారు. అందుకే నాకీ పుస్తకం.

మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్తే బేబమ్మ కంచంలో అన్నం పెట్టి, పక్కకి చూస్తూ "పులుసు కావాలా మేడమ్" అంది. క్యాంటీన్ అంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. రెండేళ్ళ కిందటి దాకా నన్ను వదినా అనేది. ఆవిడ భర్త యేసేబుని ఒడ్డుకు పంపిన కాగితం మీద వేలు నాది. అప్పట్నుంచీ నేను మేడమ్‌ని.

అక్టోబరు 20

పొద్దున్నే కప్పులోంచి పిలుపు. "నూకరత్నం గారూ, ఈ అర్ధ సంవత్సరపు పేరు సిద్ధంగా ఉందండి."

సూరాడ ధనయ్య. మూడో జట్టు. వయసు యాభై నాలుగు. మార్కులు ముప్పై ఒకటి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ధనయ్య మావ ఈ తెప్ప కట్టిన రోజు నుంచీ ఉన్నాడు. నాచు కొయ్యడం సగం మందికి నేర్పింది ఆయనే. "నువ్వు సరిగ్గా చూశావా?" అని అడిగాను. సరిగ్గానే చూశానండి అంది మేస్త్రీ. ఆయన చేతులు రోజుకి ఆరు గంటలు కదలడం లేదట. నాచు కోత సున్నా అట.

ఆయన భార్య అప్పలకొండ ఆరబెట్టే షెడ్లో పనిచేస్తుంది. ఆవిడ మార్కులు ఎనభై పైనే, కాబట్టి ఆవిడ ఇక్కడే ఉంటుంది, ఆయన ఒక్కడే పోవాలి. పోయినవాళ్ళ కడలి కార్డు రద్దవుతుంది, మళ్ళీ బతికుండగా సముద్రం మీదకి రానివ్వరు. ఒడ్డు అంటే ఇప్పుడు ఊళ్ళు కాదుగా, సామర్లకోట దాటాక కట్టిన శిబిరాలు. రేకుల గదికి ఎనిమిది మంది మగాళ్ళని పడేస్తారు. భార్యలకి చోటుండదు, ఆదివారం పది నిమిషాలు ఫోను ఉంటుంది.

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండుకల్లా నా కాగితం చేరాలి.

అక్టోబరు 21

మాట్లాడదామని మూడో జట్టు దిగే చోటికి వెళ్ళాను. తెప్ప అంచున ధనయ్య మావ కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. రెండు చేతుల్లో తాడు. తాడు రెండో కొస నీళ్ళలో ఉంది, దానికి అయిదుగురు మనుషులు ఉన్నారు.

"మావా" అన్నాను. పలకలేదు. ఆయనకి కుడిచెవి వినపడదని గుర్తొచ్చి ఎడమవైపుకి వెళ్ళి మళ్ళీ పిలిచాను. తల తిప్పలేదు. చేసేది లేక అక్కడే చతికిలబడ్డాను. గంటా పది నిమిషాలు. నా కడియం మూడుసార్లు నన్ను కసిరింది, మీరు ఖాళీగా ఉన్నారు, మీరు ఖాళీగా ఉన్నారు అని. ఆయన మాత్రం కదిలితే ఒట్టు. ఒక్కసారి మాత్రం వేళ్ళు బిగించి, ఏదో విన్నట్టు ఆగి, రెండుసార్లు గట్టిగా లాగాడు.

కాసేపటికి అయిదుగురూ పైకొచ్చారు. అందరికన్నా ముందు జట్టు పెద్ద మైలపల్లి లోవరాజు. ముప్పై అయిదేళ్ళుంటాయి, నోరు ఊరుకోదు.

"నీల్లలో మడిసుండగా తాడు పట్టుకున్నోడితో మాటాడకూడదండి రత్నమ్మగారూ" అన్నాడు నీళ్ళు కారుతూనే. "మా తాతల కాడ్నించీ అంతే. ఆడు ఇంకో పని సెయ్యకూడదు, ఆడితో ఎవుళూ మాటాడకూడదు."

"మరి కడియాలున్నాయిగా? ఊపిరీ అదీ చూసుకుంటాయిగా?"

"సూసుకుంటాయండి, ఎందుకు సూసుకోవు! కడియం ఊపిరాగిపోయాక సెప్తది. మావ ఆగకముందే లాగేత్తాడు. ఇందాక లాగింది నన్నే. కాలు పట్టేసింది నాకు. నాకే ఇంకా తెలీలేదు, ఆయనకి తెలిసిపోయింది."

మిగతా కథ అడిగి తెలుసుకున్నాను. కంపెనీ లెక్కలో తాడు లేదు, అక్కర్లేదని ఎప్పుడో తీసేసింది. మూడో జట్టు మాత్రం మానలేదు. ఇదివరకు ఆరుగురూ వంతులు వేసుకుని రోజుకొకరు తాడు దగ్గర కూర్చునేవారు. ఆ ఒక్కరోజు మార్కులు పోయినా తలా కాస్త పోయేవి, ఎవరూ అడుగుకి చేరేవారు కాదు. మార్చిలో నీళ్ళ కింద ధనయ్య మావ చెవి చితికింది. ఇక దిగడానికి లేదు. అప్పుడు వీళ్ళంతా కూర్చుని, మావా, ఇకనుంచి తాడు నీదే అన్నారు. వాళ్ళ వేట పడవల మీద దెబ్బ తగిలినవాడికి కూర్చుని చేసే పని ఇచ్చి, పూర్తి వాటా ఇవ్వడం మామూలు. మేస్త్రీ కూడా అలాగే చూస్తుందనుకున్నారు పిచ్చి సన్నాసులు!

"గౌరవం కదాని ఇచ్చేమండి" అన్నాడు లోవరాజు. అప్పటికి వాడికి విషయం అర్థమైంది. "అంటే... మేవే ముంచేసేవేటి?"

ధనయ్య మావ తాడు చుట్ట చుట్టుకుంటూ నా వైపు ఎడమచెవి తిప్పాడు. "ఏటమ్మాయ్, నా పేరొచ్చేసిందా?"

నేను తలూపాను.

"అప్పలకొండకి నువ్వు సెప్పకు. నేను సెప్తాన్లే" అన్నాడు. చుట్ట పూర్తిచేసి, కొక్కేనికి తగిలించి, భోజనానికి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 22

పొద్దుట్నుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను. "ధనయ్య పనిలేకుండా కూర్చుంటాడు" అని రాసి కొట్టేశాను, అబద్ధం కాబట్టి. "ధనయ్యకి పని చేతకాదు" అని రాసి కొట్టేశాను, ఇంకా పెద్ద అబద్ధం కాబట్టి. చివరికి ఇలా వచ్చింది: ధనయ్య తాడు పట్టుకుంటాడు. పట్టుకున్నంతసేపూ ఇంకే పనీ చేయడు. ఆయన పట్టుకున్నాక మూడో జట్టులో ఒక్కరికీ ఊపిరి ఆగలేదు.

కాగితం ఎత్తి కప్పులో ఉన్న మేస్త్రీ కెమెరా కంటికి చూపించాను.

"ఇది పంపడానికి కారణం కాదండి" అంది.

"మరి కారణమేమిటో నువ్వే చెప్పు."

"స్థానం నూట నలభై అండి."

"ఎందుకు నూట నలభై?"

"మిగతా నూట ముప్పై తొమ్మిది మందీ పైన ఉన్నారు కాబట్టండి."

"వాళ్ళంతా పైనెందుకున్నారు?"

"ధనయ్య గారు కింద ఉన్నారు కాబట్టండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ తలకాయ!" అన్నాను. తనకి తలకాయ లేదని ఎంతో వినయంగా చెప్పింది.

తొమ్మిదేళ్ళు నేను దీని మాట విని వేలు పెట్టానా? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఎందుకని అడిగి ఉంటే ఇదే జవాబు వచ్చేది. నేనడగలేదు. సిగ్గుగా ఉంది, ఒళ్ళు మండుతోంది కూడా. చెప్పేశాను దానికి: కారణం దొరికేదాకా ముద్ర లేదు. రేపట్నుంచి కాగితం ఆలస్యమైన ప్రతిరోజుకీ నాకు పది మార్కులు తగ్గుతాయని హెచ్చరించింది. తగ్గించుకోమన్నాను.

అక్టోబరు 24

ఈరోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

లోవరాజు జట్టువాళ్ళు నిన్న ధనయ్య మావ కడియం ఊడదీసి, నాచు దులిపే జల్లెడకి కట్టారట. చెయ్యి బాగా ఆడినట్టు కనిపిస్తే మార్కులు పెరుగుతాయని వాళ్ళ తెలివి. జల్లెడ నిమిషానికి మూడొందల సార్లు ఊగుతుంది, రోజంతా ఊగింది. సాయంత్రానికి మేస్త్రీ లెక్కలో ధనయ్య మావ చెయ్యి లక్ష సార్లు పైగా కదిలింది. దానికి అనుమానం రాలేదు సరికదా, మనిషి మూర్ఛ వచ్చి కొట్టుకుంటున్నాడని డాక్టరుకి కబురు పెట్టింది. డాక్టరు సూది పట్టుకుని పరిగెత్తుకెళ్తే మావ నిక్షేపంగా టీ తాగుతున్నాడు.

మోసం కింద ఆయనకి ఇంకో నాలుగు మార్కులు పోయాయి. ఇప్పుడు ఇరవై ఏడు.

లోవరాజు నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నా పేరు రాసేయండి రత్నమ్మగారూ" అన్నాడు. "నాకు పెల్లాం లేదు, పిల్లల్లేరు. తాడు ఆయనకిచ్చింది నేను."

"నీకు తొంభై రెండు మార్కులు రా. నిన్నెలా రాస్తాను?"

"దొంగతనం సేసేనని రాయండి."

"అబద్ధం రాయననే కదరా ఈ గోలంతా! ఫో, పోయి పని చూసుకో" అని తరిమేశాను. వాడు వెళ్ళాక చాలాసేపు ఏడుపొచ్చింది. నా మార్కులు తొంభై నాలుగు ఉండేవి, ఈరోజుకి డెబ్భై నాలుగు.

అక్టోబరు 26, ఆదివారం

పాత కాగితాలు పద్దెనిమిదీ తీయించి చదివాను. జట్టుతో కలిసి పనిచేసే స్వభావం లోపించింది. పలుమార్లు అవకాశం ఇచ్చినా మెరుగుదల లేదు. వ్యక్తిగతంగా మాట్లాడి నచ్చజెప్పిన మీదట ఈ నిర్ణయం తీసుకున్నాను. పద్దెనిమిదింట్లోనూ ఇదే, కింద నా బొటనవేలు. యేసేబుది పదిహేనోది. ఆ ఆరు నెలల్లో అతనికి ఇరవై రెండు రోజులు జ్వరం. జ్వరంలో పడుకున్నవాడి చేతులు ఎలా ఆడతాయి? అతనితో నేను వ్యక్తిగతంగా మాట్లాడిందేమిటంటే, పడవ పది గంటలకి వస్తుందని చెప్పాను.

ఫోను గది దగ్గర బేబమ్మ బయటికి వస్తూ ఎదురైంది. మీ ఆయన ఎలా ఉన్నారని అడిగాను.

"పది నిమిషాల్లో మూడు నిమిషాలు లైను కట్టయిపోయింది మేడమ్. మిగతా ఏడు నిమిషాలూ బాగున్నాడు."

దారి తప్పుకుని పోబోతుంటే చెప్పేశాను. "ఆ కాగితం నేను చదవలేదు బేబమ్మా. చదవకుండానే వేలు పెట్టాను."

ఆవిడ ఆగింది. రెండేళ్ళలో మొదటిసారి నా మొహంలోకి చూసింది. "సదివుంటే ఎట్టకపోదువా?"

పెట్టేదాన్ని కాదని అనలేకపోయాను. నిజం నాకే తెలియదు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అక్టోబరు 27

హెడ్డాఫీసు నుంచి సుచరిత మేడమ్ తెర మీదకి వచ్చారు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, అయినా ఆవిడే పైఅధికారి. చక్కటి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతారు, ఇప్పుడూ నవ్వుతూనే ఉన్నారు.

"నూకరత్నం గారూ, మీరు ఎమోషనల్ అవుతున్నారు. మీలాంటి సీనియర్లే ఇలా చేస్తే ఎలా? మూడు వాక్యాలే కదండీ."

"మూడు నిజాలు కావాలి మేడమ్. ఒక్కటీ దొరకట్లేదు."

"కాగితం ముప్పై ఒకటో తేదీ పన్నెండుకి అందకపోతే ఈ అర్ధ సంవత్సరపు జాబితానే రద్దవుతుంది. మీకు తెలుసుగా?"

"తెలుసండి. చదివాను. ఈమధ్య అన్నీ చదువుతున్నాను."

నవ్వు కాస్త తగ్గింది. "మీ మార్కులు చూసుకున్నారా? ఈరోజు నలభై నాలుగు. ఇలాగే మొండికేస్తే ఎల్లుండికి ధనయ్యకంటే కిందికి పోతారు. అప్పుడు అట్టడుగు పేరు మీదవుతుంది."

"అవ్వనివ్వండి. నేను చేసిన పనికి కారణమైనా దొరుకుతుంది" అన్నాను.

ధైర్యంగా అనేశాను గానీ గదికొచ్చాక తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. నాకు మొగుడూ పిల్లలూ లేరు, ఈ తెప్పే ఉంది. శిబిరంలో నేనేం చేస్తాను? అయినా సరే, ఆ అబద్ధం మాత్రం రాయను. ఎవరొచ్చి చెప్పినా రాయను.

అక్టోబరు 29

నూకరత్నం, ఇరవై నాలుగు మార్కులు, స్థానం నూట నలభై. ధనయ్య మావ నూట ముప్పై తొమ్మిదికి ఎక్కాడు.

మేస్త్రీ నాకే చెప్పింది ఆ పేరు, ఎప్పటి గొంతుతోనే. నా కాగితం మీద నేను ముద్ర వేసుకోకూడదట, ఇంకో మనిషి కావాలట. ఒడ్డు నుంచి ఎవరినైనా పంపుదామంటే వాయుగుండం పట్టింది. పడవలు కట్టేశారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలని చట్టం కాబట్టి తెర మీంచి కుదరదు. ఇక తెప్ప మీద ఉన్నవాళ్ళలోంచే తాత్కాలిక అధికారిని తియ్యాలి.

మధ్యాహ్నం అప్పలకొండ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. కడియం ఖాళీగా ఉన్నారని మొదలుపెట్టింది. "దీన్నోరు పడిపోను!" అని అప్పలకొండ దాని మీద దిండు పెట్టి నొక్కేసింది.

అక్టోబరు 30

నియమం ప్రకారం తాత్కాలిక అధికారి అందరికన్నా ఎక్కువ మార్కులున్న మనిషి.

చింతా బేబమ్మ. తొంభై తొమ్మిది.

నాకు ముందే తట్టాల్సింది. రోజుకి నాలుగొందల ఇరవై భోజనాలు. ఆ చేతులు ఆగినదెప్పుడు? యేసేబు వెళ్ళాక మరీను, పని లేకపోతే గిన్నెలైనా రెండోసారి తోముతుంది.

కబురు తెప్పంతా పాకిపోయింది. ఎవరూ నాతో మాట్లాడటం లేదు, పాపం ఏం మాట్లాడతారు? లోవరాజు ఒక్కడూ వచ్చి, "ఆవిడ ఏసేత్తాదండి. ఆవిడ్ని తప్పట్టలేం" అన్నాడు. నాకూ అదే అనిపించింది. తప్పు పట్టడానికి నేనెవర్ని? ఈ తెప్ప మీద నన్ను పంపడానికి నిజమైన కారణం ఉన్న మనిషి ఆవిడే. మూడు వాక్యాలు కాదు, ముప్పై రాయగలదు.

అక్టోబరు 31

పదిన్నరకి వచ్చింది. టిఫిన్లు అయ్యాక, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. కాగితం, కలం బల్ల మీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. బయట గాలి తలుపుని కొడుతోంది. నడవలో జనం గుమిగూడారని అడుగుల చప్పుడుని బట్టి తెలుస్తోంది.

"మొకామొకీ మాటాడాలంట" అంది బేబమ్మ. "మాటాడు మేడమ్."

"నువ్వే అడుగు."

"మా ఆయన పడవెక్కిన రోజు నువ్వు అన్నానికొచ్చేవు. గేపకం ఉందా? పులుసు ఇంకొంచెం ఎయ్యమన్నావు."

గుర్తుంది. ఉందని చెప్పాను.

"ఎలా తిన్నావు?"

"ఆకలేసింది, తిన్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు బేబమ్మా. అదే నా తప్పు."

ఆవిడ కలం తీసి, మూత తీసి, మళ్ళీ పెట్టింది. "ఆ సుచరితమ్మ నిన్న ఫోన్లోకొచ్చింది. నీ కాయితం మీద ముద్రేత్తే పడవలు తియ్యగానే మా ఆయన్ని ఎనక్కి తెచ్చేత్తాదంట. కార్డు కూడా ఇచ్చేత్తాదంట."

నా మనసు తేలికైపోయింది, నిజం చెబుతున్నాను. "అయితే ఇంకేం చూస్తున్నావు? వెయ్యి. యేసేబు వస్తాడు. ధనయ్య మావ ఉండిపోతాడు. నేను పోతే ఏడ్చేవాళ్ళు లేరు. కారణం కూడా నీ దగ్గర ఉంది. రాసి వేసెయ్."

బేబమ్మ చెయ్యి బల్ల మీద పడింది. కలం ఎగిరి కింద పడింది.

"ఓయమ్మా, ఎంత సులువు నీకు! నువ్వు సల్లగా పడవెక్కి పోతావు. నేను నీ కుర్సీలో కూసుంటాను. ఆర్నెల్లకి ఇంకో పేరొత్తాది. మా ఆయన్ని ఇచ్చేరు కదాని నేను ఏలెడతాను. దానికీ ఎడతాను. దాని తరవాత దానికీ ఎడతాను. అన్నానికెల్లి పులుసెయ్యమంటాను. నన్ను నువ్వుగా సేద్దావనా మీరందరూ?"

కొంగుతో తడి చేతులు గట్టిగా తుడుచుకుంది.

"నువ్వు సేసింది నేను మరిసిపోను. సచ్చేదాకా మరిసిపోను. ఇను. అయినా ఇంకొకల్ల మెడ మీద కాలేసి నా మొగుణ్ణి తెచ్చుకోను. ఆడొచ్చేక ఎలాగొచ్చేనే అనడిగితే ఏటి సెప్పమంటావు?"

వంగి కలం తీసింది. కాగితం మీద రాయడం మొదలెట్టింది. ఒక్కో అక్షరం పెద్దది, పలుగురాయంత. రాసి మేస్త్రీ కంటికి ఎత్తి చూపించింది: నాకు ఈవిడ మీద కోపం. కోపం నాది. ముద్ర మాత్రం వెయ్యను.

"ఇది పంపడానికి కారణం కాదండి" అంది మేస్త్రీ.

"కాదు మరి! ఎందుకవుద్ది!" అని బేబమ్మ కాగితం మడిచి రవికలో దోపుకుంది.

సుచరిత మేడమ్ తెర మీద మూడుసార్లు వచ్చారు. నాలుగోసారి బేబమ్మ లేచి తెర మీద తువ్వాలు కప్పేసింది. నడవలో ఎవరో నవ్వారు. తరువాతి అధికారి కోసం మేస్త్రీ మార్కుల వరసలో కిందికి దిగడం మొదలుపెట్టింది. తొంభై ఎనిమిది, డాక్టరు. నడవలోంచే "నేను వెయ్యను" అన్నాడు. తొంభై ఏడు, పంపుల దగ్గర పనిచేసే పిల్ల, ఆ అమ్మాయీ వెయ్యనంది. తొంభై రెండు దగ్గరికి వచ్చేసరికి లోవరాజు పేరు పూర్తిగా పిలవకముందే "నేనెయ్యనండి, ఎవుడేత్తాడో సూత్తాను!" అని అరిచాడు. ఒక్కొక్కరు వెయ్యనన్నప్పుడల్లా మేస్త్రీ వాళ్ళకి పది మార్కులు తగ్గించింది, ఆ తగ్గించిన సంగతి పైకి చదివింది. మొదట్లో చదువుతుంటే జనం భయపడ్డారు. కాసేపయ్యాక చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ధనయ్య మావకి సరిగ్గా వినపడక, ఎవరు వెయ్యనన్నారో అప్పలకొండ ఆయన ఎడమచెవిలో గట్టిగా చెబుతూనే ఉంది.

పన్నెండయింది. "ఈ అర్ధ సంవత్సరపు జాబితా రద్దయిందండి" అంది మేస్త్రీ.

నడవలో ఒకటే గోల. లోవరాజు ధనయ్య మావని భుజాల మీదకి ఎత్తబోయి ఇద్దరూ పడ్డారట. నేను చూడలేదు, లేవబోతుంటే బేబమ్మ నా చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది.

"ఎక్కడికి మేడమ్? నిన్ను ఒదిలేసేననుకున్నావా?"

"ఇంకేం కావాలి?"

"ఆ పద్దెనిమిది కాయితాలూ తియ్యి. నువ్వే పంపేవు, నువ్వే రప్పించు. ఏ కోర్టుకి రాయాలో ఆ కోర్టుకి రాయి. నీ సేత్తో. నేనిక్కడే కూసుంటాను."

"వింటారో వినరో తెలియదు బేబమ్మా. రేపు ఈ ఉద్యోగంలోంచి నన్ను తీసేస్తే?"

"తీసేసేదాకా రాయి" అంది.

పదిహేనో కాగితం పైకి తీశాను. చింతా యేసేబు. రాశాను: చింతా యేసేబును తిరిగి తెప్పకు పంపండి. అతన్ని పంపిన కాగితం నేను చదవలేదు, అతనితో మాట్లాడలేదు, వేలు మాత్రం పెట్టాను. తప్పు అతనిది కాదు, నాది.

కింద వేలిముద్ర వేశాను. బేబమ్మ కాగితం లాక్కుని, అక్షరాల కింద వేలు జరుపుకుంటూ ఒక్కో మాటా చదివింది. భర్త పేరు దగ్గర ఆగి, అక్కడ రెండుసార్లు చదివింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, కాగితం పక్కన పెట్టి, కట్టలోంచి ఇంకోటి లాగి నా ముందుకి తోసింది.

"ఊఁ. తరవాతెవరు?"